తోటలో పట్టాలు వేశాడు, నన్నొక్క మాట అడగలేదు

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమ్యాన్‌గా రిటైరయ్యాడు. వచ్చిన పైసల్లో ఆరు లక్షలు పెట్టి మామిడితోటలో రెండడుగుల వెడల్పుతో పట్టాలు వేయించాడు. వాటి మీద ట్రాలీ నడుపుతూ మనవలను ఎక్కించుకుంటాడు. పొద్దున్నే సుత్తి పట్టుకొని పట్టాల పొడవునా కొట్టుకుంటూ పోతాడు. తిండికి, నిద్రకు లోటు లేదు. కానీ నన్నొక్క మాట అడగలేదు. కొడుకును అడగలేదు, ఎవ్వర్నీ అడగలేదు. ఊళ్లో దిమాక్ ఖరాబైందంటున్నరు. డాక్టరుకు చూపించాలా?

జవాబు: అమ్మా, మీరు రాసిందాన్ని బట్టి డాక్టరు అవసరం నాకు కనబడలేదు. రైలంటే ప్రాణమిచ్చేవాళ్లు ఇలా చేయడం కొత్త కాదు. ఇంగ్లండులో ఆర్థర్ హేవుడ్ అనే ఆయన 1874లోనే తన ఇంటి తోటలో 15 అంగుళాల లైను వేసుకున్నాడు. మీవారు వేసినదైతే డార్జిలింగ్ రైలు గేజే, అంటే రెండు పట్టాల మధ్య దూరం అంతే.

ఆ సుత్తి సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. కీమ్యాన్ పనే అది. రోజూ తన బీటంతా, అంటే తనకు అప్పగించిన లైనంతా నడవాలి, పట్టాలను పట్టి ఉంచే ఇనుప ‘కీ’లు వదులైతే బిగించాలి, పట్టా ఎక్కడన్నా పగిలిందేమో చూడాలి. ఒక్కచోట ఏమరితే వందల ప్రాణాలు. మహబూబ్‌నగర్ లైను మీటర్‌గేజ్‌గా ఉన్నప్పుడు, 1990లలో బ్రాడ్‌గేజ్‌గా మారాక కూడా ఇలా నడిచిన మనిషి, రిటైరైన మర్నాడు పొద్దున లేచి ఎటు పోవాలి?

అయినా మీ బాధ చిన్నది కాదు. "అడగలేదు" అని మూడుసార్లు రాశారు. వానాకాలం రాత్రుళ్లు ఆయన పెట్రోలింగ్‌కు పోతే, పిల్లలను పెట్టుకొని మేలుకున్నది మీరే. ఆ పైసల్లో మీ వంతు ఉంది. మిమ్మల్ని అడగకపోవడం తప్పే. ఆ మాట ఆయనకు మీరే చెప్పాలి, కొడుకుతో చెప్పించొద్దు.

మిగిలిన డబ్బును పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో ఇద్దరి పేరా వేద్దామని అడగండి. మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. పాత పట్టాలు కొని ఉంటే బిల్లు ఉందో లేదో చూడండి. అది రైల్వే సొత్తేమోనని అనుమానం వస్తే, సక్రమంగా కొన్నామని రుజువు చూపాల్సింది మనమే. 1966 నాటి చట్టం అలా ఉంది. ట్రాలీకి గట్టి బ్రేకు, లైను చివర అడ్డు పెట్టేదాకా మనవలను ఎక్కించొద్దని కూడా చెప్పండి. ఈ మాటకు ఆయన కోప్పడరు, కీమ్యాన్ కదా.

ఇవన్నీ రేపే వద్దు. రేపు పొద్దున రెండు గ్లాసుల్లో చాయ్ పోసుకొని ఆయన వెనకాలే తోటలోకి పోండి. బిగువుగా ఉన్న కీ సుత్తి దెబ్బకు ఎలా మోగుతుందో, వదులైంది ఎలా మోగుతుందో వినిపించమనండి.