కోటా వేరు, ఖాళీ వేరు: క్లౌడ్ సర్వర్ల పరిమితులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ప్రశ్నలన్నీ విశాఖపట్నం పాఠకులవే. అడిగిన తీరు వేరైనా అందరి ఇబ్బందీ ఒకటే: క్లౌడ్‌లో సర్వర్ కావాలన్న క్షణంలో కోటా, అంటే ఒక ఖాతా ఎంత వాడుకోవచ్చో కంపెనీ పెట్టే పరిమితి, అడ్డొచ్చింది, లేదా వస్తుందేమోనన్న భయం పట్టుకుంది.

ప్రశ్న: మా సైట్ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబయి రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్ల సమూహంలో) ఎం5.ఎక్స్‌లార్జ్ మెషీన్ల మీద నడుస్తోంది. రద్దీని బట్టి మెషీన్లను పెంచే ఆటో స్కేలింగ్‌లో గరిష్ఠం 12 అని పెట్టాం. రద్దీ రోజున 8 దగ్గరే ఆగిపోయింది. లాగ్‌లో ‘వీసీపీయూ లిమిట్ ఎక్సీడెడ్’ అని ఉంది. పరిమితి చూస్తే 32. మావి ఎనిమిదే కదండీ?
– ఒక పాఠకురాలు, రుషికొండ

జవాబు: ఆ 32 మెషీన్ల లెక్క కాదు, వీసీపీయూల లెక్క. వీసీపీయూ అంటే మెషీన్‌కు కేటాయించే ప్రాసెసర్ భాగం. ఎం5.ఎక్స్‌లార్జ్ ఒక్కోదానికి 4 వీసీపీయూలు. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు. తొమ్మిదోదానికి చోటు లేదు. ఒక్కో రకం మెషీన్ ఇన్ని అని విడివిడిగా లెక్కపెట్టే పద్ధతి 2019లో పోయింది. అంతకుముందు రాసిన పాఠాలు చూసి లెక్క వేస్తే ఇలాగే తప్పుతుంది.

ఎ, సి, డి, హెచ్, ఐ, ఎం, ఆర్, టి, జెడ్ అక్షరాలతో మొదలయ్యే మామూలు రకాలన్నీ ‘రన్నింగ్ ఆన్ డిమాండ్ స్టాండర్డ్’ అనే ఒకే కోటాలోంచి తింటాయి. ఎవరో టెస్టింగ్‌కని పెట్టి మరిచిపోయిన టి3.మీడియం కూడా అందులోంచి 2 తీసుకుంటుంది. జీపీయూ (గ్రాఫిక్స్, ఏఐ పనులకు వాడే ప్రాసెసర్) ఉన్న జి, పి రకాలకు వేరే కోటాలు. స్పాట్ మెషీన్లది (ఖాళీగా మిగిలినవాటిని చవకగా ఇచ్చి, అవసరమైతే వెనక్కి తీసుకునేవి) మరో కోటా. కాబట్టి వెబ్ సర్వర్లలో కొన్నింటిని స్పాట్‌కు మారిస్తే ఈ 32 మీద బరువు తగ్గుతుంది.

చూసే చోటు ఇది. కన్సోల్‌లో పైన కుడివైపు రీజియన్ ముంబయి అని ఉందో లేదో ముందు నిర్ధారించుకోండి. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. తర్వాత ‘సర్వీస్ కోటాస్’ తెరిచి, ‘ఏడబ్ల్యూఎస్ సర్వీసెస్’లో సర్వర్ల సర్వీసైన ఈసీ2 ఎంచుకుని, వెతికే పెట్టెలో కోడ్ ఎల్-1216సి47ఏ కొట్టండి. డిఫాల్ట్ విలువ, మీ ఖాతాకు వర్తించే విలువ రెండూ కనిపిస్తాయి. మీరు చూడాల్సింది రెండోది. దాని లోపలికి వెళ్తే ప్రస్తుత వాడకం ఎంత శాతమో గ్రాఫ్‌తో సహా ఉంటుంది. ఆపేసిన మెషీన్లు ఈ లెక్కలోకి రావు, నడుస్తున్నవే వస్తాయి. ఆపేసినవాటి డిస్కుల అద్దె మాత్రం పడుతూనే ఉంటుంది.

ఎంతకు పెంచమని అడగాలి? గరిష్ఠం 12 అంటే 48. కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు పాతవి దిగకముందే కొత్తవి లేచే పద్ధతి మీదైతే, ఆ కాసేపు కొన్ని కొత్తవి పాతవాటితో కలిసి నడుస్తాయి. పావు వంతు అదనం వేసుకుంటే 60. మిగతా చిల్లర మెషీన్లతో కలిపి 72 అడగడం సబబు. ఫారంలో రాయాల్సింది మొత్తం కొత్త విలువ. ఇంకో 40 కావాలనుకుని 40 అని రాస్తే మీకు 40 మాత్రమే దొరుకుతుంది, పెరిగేది 8. చిన్న పెంపులు చాలావరకు వాటంతటవే మంజూరవుతాయి. పెద్దవి సపోర్ట్ కేసుగా మారి మనుషుల చేతికి వెళ్తాయి, కాబట్టి రద్దీ రోజు పొద్దున అడిగితే లాభం లేదు. అడిగినందుకు డబ్బేమీ తీసుకోరు.

వీసీపీయూలు పెంచుకున్నాక తగిలే తర్వాతి గోడ సబ్‌నెట్, అంటే మీ నెట్‌వర్క్‌లో మెషీన్లకు చిరునామాలిచ్చే భాగం. 24 బిట్ల సబ్‌నెట్‌లో 256 చిరునామాలుంటే ఏడబ్ల్యూఎస్ ఐదు తనకు ఉంచుకుంటుంది, మీకు మిగిలేవి 251. కంటైనర్లు నడిపేవాళ్లకు ఇవి ఇట్టే అయిపోతాయి. ఎలాస్టిక్ ఐపీలు (మారకుండా ఉండే పబ్లిక్ చిరునామాలు) కూడా రీజియన్‌కు డిఫాల్ట్‌గా ఐదే.

ప్రశ్న: మా సర్వర్లు ఆఫీసులోనే ఉన్నాయి, మొత్తం 48 కోర్లు. హుద్‌హుద్ అప్పుడు ఊరు ఊరంతా రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేకుండా ఉండిపోయిన సంగతి మరచిపోలేం. అందుకే ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో బ్యాకప్ ఏర్పాటు పెట్టుకున్నాం. డేటా రోజూ వెళ్తోంది. అవసరమైన రోజు అక్కడ సర్వర్లు లేపడానికి ఇంకేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: డేటా చేరడం సగం పనే. ఆ డేటాను నడిపే మెషీన్లకు అనుమతి అక్కడ ఉందా అన్నది మిగతా సగం.

హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. ముంబయిలా ఖాతాతో పాటే వచ్చేది కాదు, ఖాతా సెట్టింగుల్లో మీరే ఆన్ చేసుకోవాలి. మీ డేటా వెళ్తోందంటే ఆ పని అయిపోయినట్టే. కానీ కోటాలు ఒక్కో ఖాతాలో ఒక్కో రీజియన్‌కు విడివిడిగా ఉంటాయి. ముంబయిలో ఎంత పెంచుకున్నా హైదరాబాద్‌కు ఒక్కటీ రాదు. కొత్త ఖాతాల్లో ఈ కోటా 5 వీసీపీయూలతో కూడా మొదలవుతుంది. రోజూ డేటా అందుకునే చిన్న మెషీన్‌కు అది సరిపోతుంది కాబట్టి లోటు ఎవరికీ కనపడదు. నిజంగా కావాల్సిన రోజునే బయటపడుతుంది.

మీ 48 కోర్లలో హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్‌ను రెండు థ్రెడ్లుగా వాడే పద్ధతి) ఆన్‌లో ఉంటే అది 96 వీసీపీయూలతో సమానం, ఎందుకంటే ఇంటెల్ రకాల్లో ఒక వీసీపీయూ అంటే ఒక థ్రెడ్. కాస్త అదనం కలుపుకుని హైదరాబాద్‌లో కనీసం 112 అడగండి. దాంతోపాటు మీరు అనుకున్న రకం మెషీన్ అక్కడ అసలు ఉందో లేదో చూడాలి. పెద్ద రీజియన్లలో దొరికే రకాలన్నీ కొత్తవాటిలో ఉండవు. ఈసీ2 కన్సోల్‌లో ‘ఇన్‌స్టెన్స్ టైప్స్’ పేజీ ఆ రీజియన్‌లో ఉన్నవే చూపిస్తుంది. డిస్కుల మొత్తం పరిమాణానికి, ఎలాస్టిక్ ఐపీలకు కూడా అక్కడి కోటాలు విడిగా చూడండి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. కోటా మీకిచ్చిన అనుమతి, సరుకు కాదు. రేషన్ కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన డిపోలో బియ్యం ఉన్నట్టు కాదు కదా. కోటా మిగిలున్నా ‘ఇన్‌సఫిషియంట్ ఇన్‌స్టెన్స్ కెపాసిటీ’ అని రావచ్చు. ఆ జోన్‌లో (రీజియన్‌లోని ఒక విడి భాగంలో) ఆ రకం ఖాళీ లేదని దాని అర్థం. దానికి కోటా పెంపు అడగడం దండగ. వేరే జోన్‌లో ప్రయత్నించాలి, లేదా ఎం5 బదులు ఎం6ఐ, ఆర్5 లాంటి రకాలకు మారాలి. ఏ రకం తర్వాత ఏ రకమో ముందే రాసిపెట్టుకోండి.

ఖాళీ ఖాయంగా కావాలంటే ‘ఆన్ డిమాండ్ కెపాసిటీ రిజర్వేషన్’ ఉంది. రకం, జోన్, సంఖ్య చెప్పి పట్టి ఉంచుకోవచ్చు. మెషీన్ లేపినా లేపకపోయినా పూర్తి అద్దె పడుతుంది, పట్టి ఉంచినవి కోటాలో కూడా లెక్కకొస్తాయి. అయితే దీనికి కనీస గడువు లేదు, వద్దనుకున్నప్పుడు రద్దు చేసుకోవచ్చు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికను దశలవారీగా ఇస్తుంది, రెండో దశ అయిన ‘సైక్లోన్ అలర్ట్’ కనీసం 48 గంటల ముందు వస్తుంది. అది వచ్చిన రోజున రిజర్వేషన్ తీసుకుని, ముప్పు దాటాక వదిలేయడం మీలాంటివాళ్లకు సరైన దారి. రెండు మూడు రోజుల అద్దెతో పోతుంది. కోటా మాత్రం ఇవాళే పెంచుకోండి, దానికి అద్దె లేదు.

తుపానుల కాలం మొదలయ్యే ముందు ఒకసారి అన్ని మెషీన్లనూ నిజంగా లేపి, గంటసేపు నడిపి ఆపండి. మరోదారిలో ఈ లోపాలు కనపడవు.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో సెంట్రల్ ఇండియా రీజియన్ వాడుతున్నాం. పాత వీఎంలు (వర్చువల్ మెషీన్లు) అన్నీ ఆపేశాం. అయినా కొత్తది పెట్టబోతే కోటా దాటిందంటోంది. ఎలా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఏడబ్ల్యూఎస్ అలవాటుతో చూస్తే అజూర్ ఇక్కడే తికమక పెడుతుంది. అజూర్‌లో ‘డీఅలోకేట్’ చేసిన, అంటే ఆపి హార్డ్‌వేర్‌ను వదిలేసిన, వీఎం కూడా కోటాలో లెక్కే. మెషీన్ అద్దె ఆగుతుంది, కోటా ఖాళీ కాదు. నిజంగా అక్కర్లేకపోతే వీఎంను తొలగించి డిస్కును ఉంచుకోండి. తొలగించే తెరలో డిస్కు పక్కన టిక్ ఉంటే అదీ పోతుంది, చూసి నొక్కండి. అన్నట్టు, విండోస్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే అది డీఅలోకేట్ కాదు, అద్దె కూడా ఆగదు. పోర్టల్‌లో ‘స్టాప్’ నొక్కాలి.

అజూర్‌లో కోటా రెండు అంచెలు. రీజియన్ మొత్తానికి వీసీపీయూలు ఇన్ని అని ఒకటి, ఒక్కో వీఎం కుటుంబానికి ఇన్ని అని మరొకటి. రెండింటిలోనూ చోటుండాలి. డీఎస్‌వీ5 కుటుంబంలో 20 మిగిలినా, రీజియన్ మొత్తంలో 2 మిగిలితే 4 వీసీపీయూల మెషీన్ లేవదు. పోర్టల్‌లో ‘కోటాస్’ పేజీలో ‘కంప్యూట్’ ఎంచుకుని, సబ్‌స్క్రిప్షన్, రీజియన్ వడపోత పెడితే రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. క్లౌడ్ షెల్‌లో ‘ఏజెడ్ వీఎం లిస్ట్-యూసేజ్’ ఆదేశానికి లొకేషన్ ఇస్తే అదే పట్టిక వస్తుంది. సౌత్ ఇండియాకు, అంటే చెన్నైకి, మళ్లీ విడిగా చూడాలి. ఫ్రీ ట్రయల్, విద్యార్థి సబ్‌స్క్రిప్షన్లకు పెంపు ఇవ్వరు.

‘అలొకేషన్ ఫెయిల్డ్’ అని వస్తే అది కోటా సమస్య కాదు, ఖాళీ సమస్య.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం గూగుల్ క్లౌడ్ ఉచిత క్రెడిట్‌తో ముంబయిలో జీపీయూ పెట్టబోతే పరిమితి 0 అంటోంది. క్రెడిట్ ఇంకా మొత్తం ఉంది.
– ఒక విద్యార్థిని, సీతమ్మధార

జవాబు: ఉచిత ట్రయల్‌లో జీపీయూలు ఇవ్వరమ్మా, కోటా పెంపు కూడా అడగనివ్వరు. ముందు ఖాతాను పెయిడ్‌కు మార్చాలి. మిగిలిన క్రెడిట్ గడువు తీరేదాకా అలాగే ఉంటుంది. తర్వాత రెండు కోటాలు అడగాలి: ఆ రీజియన్‌లో ఆ జీపీయూ రకానిది ఒకటి, ‘జీపీయూస్ ఆల్ రీజియన్స్’ అనే ప్రాజెక్టు మొత్తానిది ఇంకొకటి. మొదటిది మాత్రమే పెంచుకుని ఆగిపోయేవాళ్లు చాలామంది. రెండింటికీ 1 అడిగితే చాలు. ఎక్కువ అడగొద్దు: మీ ఖాతా తాళం చెవి (యాక్సెస్ కీ) ఎవరి చేతికైనా చిక్కితే బిల్లు ఎంతదాకా పోగలదో నిర్ణయించేది ఆ అంకే. బడ్జెట్ అలర్ట్ మెయిల్ పంపుతుందే గానీ ఖర్చు ఆపదు.

ప్రశ్న: గూగుల్ మన విశాఖలో పెద్ద డేటా సెంటర్ పెడుతోంది కదా. అప్పుడు మనకు ఈ కోటాలు పెరుగుతాయా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఏఐ హబ్‌కు ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఊరికి మంచి సంగతే. కోటాకు దానితో సంబంధం లేదు. మీ ప్రాజెక్టుకు, మీరు ఎంచుకున్న రీజియన్‌కు ఉన్న అంకే మీ పరిమితి, భవనం మీ వీధి చివర ఉన్నా సరే. ఏ కొత్త రీజియన్ తెరిచినా కోటా అక్కడ మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే.

ప్రశ్న: మాకు నాలుగు ఏడబ్ల్యూఎస్ ఖాతాలు, ఒక్కోదానిలో మూడు రీజియన్లు. రోజూ తెరిచి చూడలేం. ముందే తెలిసే దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు, సిరిపురం

జవాబు: వాడకం కొలతలు చూపే క్లౌడ్‌వాచ్‌లో ‘ఏడబ్ల్యూఎస్/యూసేజ్’ కింద ‘రిసోర్స్ కౌంట్’ అనే కొలత ఉంటుంది. సర్వీస్ ఈసీ2, రిసోర్స్ వీసీపీయూ, క్లాస్ స్టాండర్డ్/ఆన్‌డిమాండ్ అని ఎంచుకోండి. కొలతలతో లెక్కలు వేసే మెట్రిక్ మ్యాథ్‌లో దాన్ని ‘సర్వీస్_కోటా’ ఫంక్షన్ ఫలితంతో భాగించి 100తో గుణిస్తే శాతం వస్తుంది. 75 దాటితే మెయిల్ వచ్చేలా అలారం పెట్టండి. సగటు కాదు, గరిష్ఠం తీసుకోండి, లేకపోతే పది నిమిషాల రద్దీ సగటులో కొట్టుకుపోతుంది. ఒక్కో ఖాతాలో ఒక్కో రీజియన్‌కు ఒక అలారం కావాలి. అంటే మీకు పన్నెండు.

ఏడబ్ల్యూఎస్ తనిఖీ సాధనం ట్రస్టెడ్ అడ్వైజర్ కూడా 80 శాతం దాటితే పసుపు రంగు చూపిస్తుంది, కానీ అందులో అంకెలు 24 గంటలు పాతవి కావచ్చు. వారానికోసారి చూసుకోవడానికి బాగుంటుంది, రద్దీ రోజున దాన్ని నమ్మకండి. కొత్త ఖాతాలు తరచూ తెరుస్తుంటే ఖాతాలన్నిటినీ ఒకచోట కలిపే ఆర్గనైజేషన్ ప్రధాన ఖాతాలో ‘కోటా రిక్వెస్ట్ టెంప్లేట్’ పెట్టుకోండి. పది కోటాల దాకా రాసి ఉంచితే, తర్వాత తెరిచే ప్రతి ఖాతాకూ ఆ పెంపు అర్జీ దానంతటదే వెళ్తుంది. ఇప్పుడున్న నాలుగు ఖాతాలకు అది పనిచేయదు, వాటికి చేత్తోనే అడగాలి.