గొంతు పెంచక్కర్లేని చోటు

అల్లుడూ,

నీ ఉత్తరం చదివాను. కొత్త నగరంలో ఉద్యోగం కుదురుకుంది, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కూడా దొరికారు, కానీ సాయంత్రం పూట తీరిగ్గా కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుంటూ మంచి డ్రింక్ తాగే చోటు మాత్రం దొరకట్లేదని రాశావు. ఎక్కడికి వెళ్లినా పాటల హోరు, గ్లాసులో సగం నీళ్లు అన్నావు. ఈ వెతుకులాట నాకు ముప్పై ఏళ్లుగా అలవాటు. ఎక్కడికి బదిలీ అయినా ముందు ఇల్లు చూసుకునేవాణ్ని, ఆ తరవాత అలాంటి ఒక చిన్న బార్.

ఎందుకంత పట్టింపో చెప్తాను. చాలా ఏళ్ల కిందట నా స్నేహితుడొకడు ఏదో మాట్లాడాలని పిలిచాడు. ఊరంతా చెప్పుకునే బార్ కదా అని పెద్ద పేరున్న చోటికి తీసుకెళ్లాను. కూర్చున్నాం. వాడేదో చెప్పాడు. ఆ గోలలో వినపడక "ఏంటీ?" అన్నాను. మళ్లీ చెప్పాడు. నేను మళ్లీ "ఏంటీ?" అన్నాను. మూడోసారి వాడు చెయ్యి ఊపి "ఏం లేదులే" అన్నాడు. వాడి ఉద్యోగం పోయిందని వారం తరవాత ఇంకొకరి ద్వారా తెలిసింది. ఆ రోజు నుంచి నేను బార్‌ని ముందు చెవితో చూస్తాను, నాలుకతో తరవాత.

నువ్వూ అలాగే మొదలుపెట్టు. తలుపు తీసి లోపలికి వెళ్లి ఒక్క నిమిషం నిలబడు. ఆర్డర్ తీసుకునే మనిషి వినడానికి ముందుకి వంగుతున్నాడా? పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకరి చెవి దగ్గర ఒకరు నోరు పెట్టి మాట్లాడుతున్నారా? అయితే అది నీకు పనికొచ్చే చోటు కాదు, వచ్చిన దారినే వెనక్కి వచ్చెయ్. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు 1911లో రాశాడు. ఒక టేబుల్ వాళ్లు గొంతు పెంచితే పక్క టేబుల్ వాళ్లు పెంచుతారు, వాళ్లని చూసి ఇంకొకరు. అరగంటలో గది మొత్తం అరుస్తుంటుంది. అద్దాలు, టైల్స్, ఉత్త సిమెంటు గోడలు ఉన్న గదిలో ఈ గోల రెట్టింపవుతుంది. కర్టెన్లు, తివాచీ, మెత్తటి సోఫాలు చప్పుడు మింగేస్తాయి. కాబట్టి అలంకరణ చూసేటప్పుడు అందం గురించి కాదు, ఈ గదిలో మాట ఎక్కడికి పోతుందో ఆలోచించు.

ఎక్కడ వెతకాలి అంటే, మెయిన్ రోడ్డు మీద మాత్రం వద్దు. అక్కడ అద్దె ఎక్కువ, అద్దె కట్టాలంటే జనం కావాలి, జనం కావాలంటే హోరు కావాలి. పక్క సందులో, మేడ మీద, మెట్లు దిగి వెళ్లే సెల్లార్‌లో ఉన్నవాడికే చిన్నగా బతికే వీలుంటుంది. టోక్యోలో గింజా అనే పేటలో చాలా బార్లు ఇలాగే ఆఫీసు భవనాల పై అంతస్తుల్లో, కింద సెల్లార్లలో ఉంటాయి. పదిమంది పట్టే కౌంటర్, ఒకరిద్దరు పనివాళ్లు, అంతే. సీట్లు లెక్కపెట్టడం అలవాటు చేసుకో. ఒక బార్‌టెండర్ చేతి కింద పదీ పదిహేను సీట్లుంటే నీ డ్రింక్ మీద అతని చూపు ఉంటుంది. అరవై సీట్లుంటే ఎంత పనిమంతుడైనా పరుగులే. నిలబడి తాగేవాళ్లని లోపలికి రానివ్వరంటే అది ఇంకా మంచి గుర్తు.

రహస్య తలుపులు చూసి మోసపోకు. పుస్తకాల బీరువా వెనక దారి, పాస్‌వర్డ్ చెప్తే తెరిచే తలుపు లాంటివి ఇప్పుడు చాలా నగరాల్లో ఉన్నాయి. అమెరికాలో మద్యనిషేధం ఉన్న 1920 నుంచి 1933 దాకా దాక్కుని అమ్మడానికి కారణం ఉండేది. ఈ కాలంలో ఆ ఫ్యాషన్ మళ్లీ రావడానికి పెద్ద కారణం న్యూయార్క్‌లో సాషా పెట్రాస్కీ 1999 ఆఖరి రోజున తెరిచిన మిల్క్ అండ్ హనీ అనే బార్. బయట బోర్డు ఉండేది కాదు, మెనూ ఉండేది కాదు, ముందే ఫోన్ చేసి రావాల్సి వచ్చేది. తరవాత వచ్చినవాళ్లు చాలామంది ఆ తలుపుని కాపీ కొట్టారు. కానీ ఆయన బోర్డు పెట్టకపోవడం గొప్ప కోసం కాదు, చుట్టుపక్కల కాపురాలు ఉన్నవాళ్లకి ఇబ్బంది కాకూడదని. అరవకూడదు, గొప్పలకి పెద్దవాళ్ల పేర్లు వాడుకోకూడదు అని నియమాలు రాసి పెట్టాడు. ఆయన 2015లో పోయాడు. బార్ అంటే ముందు మర్యాద అనే పట్టుదల మాత్రం ఆయన దగ్గర పనిచేసినవాళ్లు తెరిచిన చోట్లలో ఇంకా కనపడుతుందంటారు. నువ్వు వెతకాల్సింది ఆ మర్యాదని.

ఇక గ్లాసులోకి వద్దాం. మొదటిసారి వెళ్లేటప్పుడు ఒక్కడివే వెళ్లు. సోమవారమో మంగళవారమో, తెరిచిన గంటలోపు. టేబుల్ వద్దు, కౌంటర్ దగ్గరే కూర్చో. మెనూలో పది పన్నెండు డ్రింకులుంటే సంతోషించు. అరవై ఉంటే అన్నిటికీ తాజా సరుకు ఉంచడం ఎవరివల్లా కాదు. అప్పుడు డైకిరీ అడుగు. వైట్ రమ్, నిమ్మరసం, పంచదార, ఈ మూడే. దాచడానికి చోటు లేని డ్రింక్ అది. నిమ్మకాయ అప్పటికప్పుడు పిండుతున్నాడా, లేక ఆ రోజే పిండి పెట్టిన రసమా చూడు, రెండూ మంచివే. నిన్నటి రసమైతే మొదటి గుక్కలోనే చేదు తగులుతుంది. రమ్ము గానీ పులుపు గానీ పడకపోతే నెగ్రోని అడుగు. జిన్, కంపారీ అనే చేదు మందు, స్వీట్ వర్మూత్ సమపాళ్లు.

వర్మూత్ దగ్గరే చాలా బార్లు దొరికిపోతాయి. అది వైన్‌తో చేసింది, మూత తీశాక పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే నెలో రెండు నెలలో నిలుస్తుంది. వెచ్చటి లైట్ల కింద అరలో, సగం ఖాళీ అయి దుమ్ము పట్టిన సీసా కనపడిందా, అక్కడ జిన్, వర్మూత్ కలిపి చేసే మార్టినీ అడక్కు. చేతిని కింద ఫ్రిజ్‌లోకి పెట్టి సీసా తీసేవాడి దగ్గర నిశ్చింతగా అడుగు.

ఒక బార్‌టెండర్ పని నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది. ఫ్రీజర్‌లోంచి గ్లాసు తీసి కాడ పట్టుకుని పక్కన పెట్టాడు. కలిపే గ్లాసులో ముందుగా వేసిన ఐస్ నుంచి కారిన నీళ్లు వంచేశాడు. మందు కొలిచి పోసి, పొడుగాటి స్పూన్ అంచు వెంబడే తిప్పాడు, ఐస్ ముక్కలన్నీ కలిసి ఒక్క ముద్దలా చప్పుడు లేకుండా తిరిగాయి. మధ్యలో ఒక చుక్క చేతి మీద వేసుకుని రుచి చూశాడు, ఇంకో నాలుగు తిప్పులు తిప్పాడు. అలా ఐస్‌తో తిప్పిన డ్రింక్‌లో దాదాపు నాలుగో వంతు కరిగిన నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లు తగ్గినా పెరిగినా రుచి పోతుంది, అందుకే ఆ రుచి చూడడం. ఐస్ పెద్ద ముక్కలుగా, గట్టిగా, పొడిగా ఉండాలి. తడిసి పలచబడిన చిన్న ముక్కలు వేస్తే నువ్వు రాసిన నీళ్లనీళ్ల డ్రింకే వస్తుంది. మందు మాత్రమే కలిసేవి తిప్పుతారు, నిమ్మరసం పడేవి షేకర్‌లో కుదుపుతారు. మార్టినీని అడక్కుండానే షేకర్‌లో పోసి కుదిపేస్తే నేనైతే రెండోది అడగను.

బీరు తాగేవాడివైతే గ్లాసు గోడలు చూడు. శుభ్రమైన గ్లాసులో గుక్క గుక్కకీ నురుగు వలయంలా అంటుకుంటుంది. పోసిన కాసేపటికే గోడలకి బుడగలు అతుక్కుని ఉంటే గ్లాసు సరిగ్గా కడగలేదన్నమాట. వైన్ గ్లాసులెక్కన తీసుకుంటే సీసా ఎప్పుడు తెరిచారని అడుగు. మంచి చోట ఆ ప్రశ్నకి ఎవరూ నొచ్చుకోరు.

మందు తాగని స్నేహితుణ్ని కూడా ఒకసారి వెంట తీసుకెళ్లు. అతనికి ఏ కూల్‌డ్రింకో ముందు పడేస్తారా, లేక నీ డ్రింక్ కలిపినంత శ్రద్ధగా ఏదైనా కలిపి ఇస్తారా అన్నదాన్ని బట్టి ఆ బార్ మనసు తెలుస్తుంది. నేను ఒకటి, మహా అయితే రెండు తాగుతాను. పక్కన మంచినీళ్ల గ్లాసు ఉండాల్సిందే. ఆరోగ్యానికి ఏ హానీ లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, కాబట్టి తాగేది కొంచెమే అయినప్పుడు అది మంచిదై ఉండాలి. తాగిన రోజు బండి తియ్యకు. ఈ విషయంలో నాతో వాదించకు.

రెండోసారో మూడోసారో వెళ్లినప్పుడు, జనం లేని వేళ చూసి బార్‌టెండర్‌ని అడుగు: "మీకు సెలవు దొరికిన రోజు మీరెక్కడికి వెళ్తారు?" ముప్పై ఏళ్లలో నాకు దొరికిన మంచి చోట్లలో సగం ఈ ఒక్క ప్రశ్నతో దొరికాయి. రాత్రంతా హోరులో పనిచేసిన మనిషి తన కోసం వెతుక్కునేది ప్రశాంతమైన చోటే. ఆ చోటికి వెళ్లినప్పుడు నిన్ను ఎవరు పంపారో చెప్పు. కానీ ఎనిమిది మందిని వెంటేసుకుని వెళ్లకు. చిన్న గదిలో ఒక్క గుంపు చాలు, మిగతా అందరి సాయంత్రం పాడవడానికి.

వచ్చే నెల నీ దగ్గరికి వస్తున్నాను కదా. ఈలోగా రెండు మూడు చోట్లు చూసి పెట్టు. కౌంటర్ చివర గోడ వైపు రెండు సీట్లు ఖాళీగా ఉండే వేళ ఏదో కనుక్కో. నా ఎడమ చెవికి వినికిడి కొంచెం తగ్గింది, నువ్వు నా కుడి పక్కన కూర్చోవాలి.

ప్రేమతో,
మావయ్య