ఒక ప్లాస్టిక్ పొడైపోతుంది, పసుపు టేపు మాత్రం నిలబడుతుంది. ఎందుకు?

వనామీ రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ మోటారు కాలిపోతే విప్పి చూశారు. వెనక పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కవరు చిట్లి వేలు తగిలితేనే పొడి రాలింది, లోపల ఇంకా ఎక్కువ వేడిలో ఉన్న పసుపు కాప్టన్ టేపుకు (ఇది పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్) ఏమీ కాలేదు. ఇదెలా అన్నది మీ ప్రశ్న. మాది ఆకివీడు దగ్గర రివైండింగ్ షాపు, నేను చదివింది పాలిమర్ కెమిస్ట్రీ. అందుకే ఇది నాకు ఇష్టమైన ప్రశ్న.

కవరును తినేసింది వేడి ఒక్కటే కాదండి, గాలిలోని ఆక్సిజన్ కూడా. పాలీప్రొపిలీన్ గొలుసులో ఒకటి విడిచి ఒకటిగా మూడు కార్బన్లకు అంటుకున్న కార్బన్ ఉంటుంది. దానిమీది హైడ్రోజన్ పట్టు వదులు, మోలుకు సుమారు 400 కిలోజౌళ్లే. అది ఊడితే ఆ చోట ఆక్సిజన్ చేరి పెరాక్సీ రాడికల్ (ఎలక్ట్రాన్ జత లేక పక్కదాన్ని లాక్కునే ముక్క) అవుతుంది. అది పక్క హైడ్రోజన్‌ని లాక్కుని హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది. ఆ హైడ్రోపెరాక్సైడ్ వేడికి పగిలి మరో రెండు రాడికల్స్‌ని వదులుతుంది. ఒక తాటాకింటికి అంటుకున్న నిప్పు వీధంతా పాకినట్టే. గొలుసులు ముక్కలయ్యాక బలం ఎక్కడిది?

కాప్టన్‌లో అలాంటి వదులు హైడ్రోజన్ లేదు. ఉన్నవన్నీ బెంజీన్ వలయాలమీదే, పట్టు సుమారు 470 కిలోజౌళ్లు. పైగా దాని గొలుసులో ఉంగరంలా మూసుకున్న, నైట్రోజన్ ఉన్న ఇమైడ్ వలయంలో ఒక బంధం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది.

అలాగని ఇమైడ్ అని పేరుంటే చాలదు. విమాన భాగాలకోసం నాసా 1970లలో తయారుచేసిన పీఎంఆర్-15 కూడా పాలీఇమైడే. కానీ దాని బెంజీన్ వలయాల మధ్య ఒక సీహెచ్2 (రెండు హైడ్రోజన్లున్న కార్బన్) వంతెన, గొలుసు చివర్లలో బెంజీన్ తరహాది కాని నాడిక్ అనే తొడుగు ఉంటాయి. ఈ రెండూ ఆక్సీకరణకు దొరుకుతాయి. తర్వాత వచ్చిన పీఎంఆర్-II రకంలో ఆ సీహెచ్2 వంతెన లేకుండా చేసినప్పుడు తట్టుకునే శక్తి పెరిగింది. చదువుకునే రోజుల్లో ఇది చూసి ఆశ్చర్యపోయాను. అంత పెద్ద అణువులో కొద్ది హైడ్రోజన్ల చోటే బలహీనత!

మన ప్రాంతంలో ఒక జాగ్రత్త. ఉండి ఊరి వైపు నుంచి వచ్చిన ఒక మోటారులో వైండింగ్ అంతా బాగుంది గానీ కేబుల్ దూరే చోట టేపు పెళుసెక్కి రేకుల్లా లేచింది. ఆ చోట చెరువుకు చల్లిన సున్నం తేట తెల్లగా గడ్డకట్టి ఉంది. ఇమైడ్ వలయం ఆక్సిజన్‌కి అంత తేలిగ్గా లొంగదు, క్షారానికి లొంగుతుంది. సున్నం నీళ్లు తగిలితే వలయం తెరుచుకుంటుంది. అందుకే టెర్మినల్ బాక్సు గ్లాండు (కేబుల్ దూరే చోట బిగించే మూత) బిగువుగా ఉంచండి, సున్నం చల్లేముందు మోటారుమీద గోనెపట్టా కప్పండి, తర్వాత తప్పకుండా తీసేయండి.