ఫిజియాలజీ సీటు సరే, స్టైపెండ్ ఎన్ని నెలలు?

చెల్లెమ్మా, అమెరికాలో మూడు యూనివర్సిటీల్లో ఫిజియాలజీ (శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే శాస్త్రం) సీటు వచ్చింది, దేన్లో చేరను అన్న నీ ప్రశ్న చదివాను. ఆ మూడింటి ర్యాంకులూ రాశావు, చలి ఎంత ఉంటుందో, దగ్గర్లో గుడి ఉందో లేదో కూడా అడిగావు, డబ్బు ఎవరెంత ఇస్తామన్నారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నీ వయసులో నేనూ ఇంతేలే.

నేనూ చెన్నైలో మీ తరమణి క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చేసినవాడినే. 2004లో అక్కణ్నుంచి అమెరికా వచ్చాను. ఫిజియాలజీలో ఎమ్మెస్ అన్న పేరు చూసి చేరిపోయాను. తీరా క్లాసులో కూర్చున్నాక తెలిసింది, చుట్టూ అందరూ ఇక్కడి పిల్లలే, మెడికల్ కాలేజీ సీటు కోసం మార్కులు పెంచుకోవడానికి వచ్చినవాళ్లు. ఏడాది కోర్సు, థీసిస్ లేదు, ల్యాబ్ లేదు, పైసా సాయం లేదు. ఇలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. ఆ కోర్సు చేసినవాళ్లు తర్వాత ఎక్కడ చేరారో కనుక్కో, సంగతి అర్థమవుతుంది.

ఆ ఫీజు కోసం అమ్మ గాజులు నాలుగూ పురసవాక్కంలో తాకట్టుకు వెళ్లాయి, మిగతాది బ్యాంకు లోను. అప్పట్లో డాలరు 45 రూపాయల చిల్లర. కొన్న ప్రతిదీ 45తో హెచ్చవేసి డైరీలో రాసుకునేవాడిని. క్షవరం 12 డాలర్లు, అంటే 540 రూపాయలు! రూమ్మేట్ వంటింటి కత్తెరతో కత్తిరించాడు, ఎడమ చెవి పైన అరచేతి మేర గుండు తేలింది, ఆ తలతోనే ప్రొఫెసర్ల గదుల ముందు తిరిగాను.

అలా తిరగ్గా తిరగ్గా ఇంకో యూనివర్సిటీలో పీహెచ్‌డీ దొరికింది, ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ (సరే, గొప్పే) రెండేళ్లలో గాజులు విడిపించాను. అక్కడా ఒక తప్పు చేశాను. ఆఫర్ లెటర్లో అపాయింట్‌మెంట్ తొమ్మిది నెలలని స్పష్టంగా ఉంది, చదివాను, పట్టించుకోలేదు. మే తర్వాత స్టైపెండ్ ఆగింది, ఇంటి అద్దె ఆగదుగా! ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లం బయట ఎక్కడపడితే అక్కడ పని చేయలేం. ఆ వేసవంతా క్యాంపస్ లైబ్రరీలో పుస్తకాలు సర్దాను.

కాబట్టి వాళ్లకు మెయిల్ రాసి అడుగు, మొహమాటపడకు. స్టైపెండ్ 9 నెలలా, 12 నెలలా? హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్ (ఒక్కో ల్యాబులో కొన్నాళ్లు పనిచేసి చూడటం) చేశాక ఏ ప్రొఫెసరూ తీసుకోకపోతే డబ్బు ఎవరిస్తారు? ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ల టీ32 ట్రైనింగ్ గ్రాంట్లు సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకే, మనకు రావు, అందుకే విదేశీ విద్యార్థులకు డబ్బు ఎందులోంచి ఇస్తారో విడిగా అడగాలి.

ఇంకొకటి, ఫిజియాలజీ అంటే అన్నిచోట్లా ఒకటే అనుకోకు. కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) విభాగంలోదైతే ఎక్కువగా వ్యాయామం, కండరాలు. మెడికల్ స్కూల్లోదైతే ఎక్కువగా గుండె, కిడ్నీ, అయాన్ ఛానళ్లు (కణం పొరలో అయాన్లు వచ్చిపోయే దారులు). నువ్వు అప్లై చేసేటప్పుడే చూసుకుని ఉంటావనుకుంటున్నా.

వీసాకి జెమిని ఫ్లైఓవర్ దగ్గర అమెరికా కాన్సులేట్‌లో ఏ కాగితాలు కావాలో, ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) ఎన్ని నెలలో, అవన్నీ వాళ్ల సైట్లలోనే ఉంటాయి, చూసుకో. చలికి కోటు కొనుక్కుంటావు, గుడికి ఎవరో ఒకరు కారులో తీసుకెళ్తారు.

ముందు ఆ మూడు ఆఫర్ లెటర్లూ మళ్లీ తియ్యి. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) వస్తే అందులో ఖర్చుల పట్టిక పక్కన స్కూలు ఇచ్చేదెంత, మీ సొంత డబ్బు ఎంత అని ఉంటుంది. సొంత డబ్బు ఎదురుగా ఉన్న అంకెను ఇవాళ్టి డాలరు రేటుతో హెచ్చవేసి మీ నాన్నగారికి చూపించు. ర్యాంకు తర్వాత చూపిద్దువుగాని.