టెక్ సందేహాలు: విండోస్ జోలికి వెళ్లే ముందు తేదీ చూడండి

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌లో ఏ వెబ్‌సైట్ తెరిచినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తోంది. అదే వైఫైతో ఫోన్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయి. రౌటర్ మార్చాం, యాంటీవైరస్ తీసేశాం, బ్రౌజర్ మళ్లీ వేశాం. విండోస్ కొత్తగా వేయాలని షాపులో అంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు. కరెంటు కోతలు మొదలైన ప్రతిసారీ ఈ ఫిర్యాదు నాకు వరసగా వస్తుంటుంది. ఫోన్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయంటే నెట్‌దీ రౌటర్‌దీ తప్పు లేదని మీరే తేల్చేశారు, తేల్చుకున్నాక కూడా రౌటర్ మార్చారు. ఒకేసారి మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో, ఏది కొత్త తంటా తెచ్చిందో తెలియకుండా పోతుంది. తడవకు ఒక్కటే మార్చి, ఫలితం చూసి, తేడా లేకపోతే దాన్ని యథాస్థానంలో పెట్టి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లాలి.

తెర అడుగున కుడి మూలన ఉన్న తేదీని, ముఖ్యంగా సంవత్సరాన్ని చూడండి. ప్రతి సురక్షిత వెబ్‌సైట్‌కూ అది అసలుదేనని బ్రౌజర్‌కు చూపే ఒక ధ్రువపత్రం ఉంటుంది, దానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. కొన్నింటి గడువు 90 రోజులే. మీ కంప్యూటర్ ఇంకా 2015లోనే ఉన్నాననుకుంటే, నిన్న మొన్న జారీ అయిన పత్రం దాని లెక్కలో ఇంకా అమల్లోకే రాలేదు, అందుకే అన్ని సైట్లనూ అనుమానిస్తుంది. తేదీ సరిచేసి, రాత్రికి ప్లగ్గు తీసేసి, పొద్దున మళ్లీ చూడండి. సంవత్సరం మళ్లీ వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) మీది నాణెమంత సెల్ అయిపోయినట్టే. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సీఆర్2032 రకం, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ప్లగ్గు తీసి, పక్క మూత విప్పి, కూడిక గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాలి. కిందటేడాది వానాకాలం పోయాక ఎంవీపీ కాలనీలోని మా ఇంటి కంప్యూటర్ విప్పితే, సముద్రపు గాలికి ఆ సెల్‌ను పట్టి ఉంచే క్లిప్పు మీద పచ్చగా చిలుం పట్టి ఉంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోయింది. ల్యాప్‌టాప్ అయితే మాత్రం మీరు విప్పకండి.

నా అసలు భయం ఈ సెల్ గురించి కాదు. రోజుల తరబడి ప్రతి సైట్ దగ్గరా హెచ్చరిక చూసిన మనిషికి, చదవకుండానే ‘అయినా ముందుకు వెళ్లు’ అని నొక్కేయడం అలవాటవుతుంది, ఆ తర్వాత బ్యాంకు పేరుతో నిజంగానే దొంగ సైట్ ఎదురైనా వేలు ఆగదు. సీతమ్మధార నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి రాసిన ఉత్తరం కూడా ఇలాంటిదే. తెర నిండా ఎర్రటి హెచ్చరిక, వెనక నుంచి మాటలు, కింద ‘సహాయం కోసం’ ఒక ఫోన్ నంబరు. ఆయన ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసి, కంప్యూటర్‌ను వాళ్ల చేతికిచ్చేశారు. వైరస్ ఎలా తీయాలని ఇప్పుడు అడుగుతున్నారు. అయ్యా, ఆ పేజీయే మోసం. బ్రౌజర్ ఇచ్చే అసలు హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. అలాంటిది కనిపిస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేస్తే చాలు. మీరు యాప్ కూడా వేశారు కాబట్టి ముందు నెట్ కట్ చేసి, దాన్ని తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. సొమ్ము చేతులు మారకముందే ఆపే వీలు ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఇందులో తయారీదారుల పాపమూ ఉంది. కొన్ని బ్రౌజర్లు ‘మీ గడియారం వెనకబడి ఉంది’ అని నేరుగా చెబుతాయి. చాలా టీవీలు, సెట్‌టాప్ బాక్సులు మాత్రం తేదీ తప్పినా, నెట్ తెగినా, సర్వర్ పడిపోయినా ‘ఏదో పొరపాటు జరిగింది’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతాయి. ఏం జరిగిందో యంత్రం చెప్పకపోతే జనం నంబర్లు వెతుక్కోక ఏం చేస్తారు? మోసగాళ్లు కాచుకుని కూర్చున్నది అక్కడే.

గాజువాక పాఠకుడికి మరొక్క మాట: తేదీ సరయ్యాక, తీసేసిన యాంటీవైరస్‌ను తిరిగి వేసుకోండి.