‘టెల్ మీ’ సరే, ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు కాదు?

మీ ప్రశ్న ఇది: ‘టెల్ మీ’ ఒప్పు, ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ తప్పు అంటారు. తెలుగులో రెండూ ‘నాకు చెప్పు’ అనేగా? మరి ‘టు’ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తేల్చేదేమిటి?

తేల్చేది అర్థం కాదు, ఆ వెర్బే. తెలుగులో మనిషి పక్కన ‘కు’ చేరిస్తే పని అయిపోతుంది: నాకు ఇచ్చాడు, నాకు చెప్పాడు, నాకు వివరించాడు, నాకు పరిచయం చేశాడు. ఇంగ్లిష్‌లో ఈ ‘నాకు’ రెండు దారుల్లో వస్తుంది. గివ్, టెల్, షో, సెండ్, లెండ్, టీచ్ లాంటివి ‘మీ’ని నేరుగా పక్కన పెట్టుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, ఇంట్రడ్యూస్, అనౌన్స్, డొనేట్, డెమాన్‌స్ట్రేట్ లాంటివి మధ్యలో ‘టు’ లేనిదే మనిషిని దగ్గరికి రానివ్వవు.

ఏది ఏ గుంపో పోల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఒక్క సిలబుల్‌తో (ఒక్క ఊపులో పలికే ముక్కతో) అయిపోయే పాతకాలపు ఇంగ్లిష్ మాటలు ఎక్కువగా మొదటి గుంపు. లాటిన్, ఫ్రెంచ్‌ల నుంచి వచ్చిన పొడవాటి మాటలు ఎక్కువగా రెండో గుంపు. గివ్–డొనేట్, టెల్–ఎక్స్‌ప్లెయిన్, షో–డెమాన్‌స్ట్రేట్ అని జతలుగా చూడండి, తేడా తెలుస్తుంది. ఆఫర్, ప్రామిస్‌లకు రెండు సిలబుల్స్ ఉన్నా ఒత్తు, అంటే నొక్కి పలకడం, మొదటిదాని మీద పడుతుంది. అవి పొట్టివాటితోనే నడుస్తాయి: ‘దే ఆఫర్డ్ మీ ఎ జాబ్’. అయితే ఇది గుర్తు మాత్రమే, చట్టం కాదు. ‘సే’ ఎంత పొట్టిదైనా ‘సెడ్ మీ’ కుదరదు, ‘సెడ్ టు మీ’ అనాలి. ‘అసైన్’లో ఒత్తు రెండో సిలబుల్ మీద ఉన్నా ‘అసైన్డ్ మీ ఎ టాస్క్’ చక్కగా చెల్లుతుంది.

వాక్యం పొడవైనప్పుడే చాలామంది జారిపోతారు. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’ అని సరిగ్గా అనేవాళ్లే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ హౌ దిస్ వర్క్స్’ అనేస్తారు. వివరించాల్సిన విషయం పొడవుగా ఉంటే దాన్ని చివరికి నెట్టి, ‘టు మీ’ని ముందుకు తేవాలి: ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ హౌ దిస్ వర్క్స్’. ‘టు’ జరుగుతుంది, మాయం కాదు. మొదటి గుంపులోనూ ఒక మెలిక ఉంది. మనిషీ వస్తువూ రెండూ సర్వనామాలైతే ‘గివ్ మీ ఇట్’ కంటే ‘గివ్ ఇట్ టు మీ’ అనడమే క్షేమం.

‘సజెస్ట్’ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తప్పే వెర్బ్ ఇదే. ‘సజెస్ట్ మీ ఎ గుడ్ కాలేజ్’ అనకండి. ‘కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ కాలేజ్?’ అంటే చాలు, అడుగుతున్నది మీరే కాబట్టి ‘మీ’ అవసరమే లేదు. ‘హి సజెస్టెడ్ మీ టు గో’ అన్నది ఇంకా పెద్ద తప్పు. ‘హి సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి. అది నోరు తిరగకపోతే వెర్బే మార్చేయండి: ‘హి అడ్వైజ్డ్ మీ టు గో’. వాక్యాన్ని సరిచేయడం కంటే వెర్బ్‌ని మార్చడం చాలాసార్లు తేలిక.

ఇక ఇన్ఫినిటివ్, అంటే ‘టు కమ్’ లాంటి ‘టు’తో వచ్చే వెర్బ్ రూపం సంగతి. ‘నువ్వు రావాలని కోరుకుంటున్నాను’ అన్న తెలుగు వాక్యం మనసులో ఉంటే ‘ఐ వాంట్ దట్ యు షుడ్ కమ్’ అని వస్తుంది. ‘వాంట్’కి ఆ కట్టుబడి (వాక్యం కట్టే తీరు) లేదు. మనిషిని ఆబ్జెక్ట్ రూపంలో పెట్టి వెంటనే ‘టు’ వేయాలి: ‘ఐ వాంట్ హిమ్ టు కమ్’. వచ్చేది అతనే అయినా ‘హి’ కాదు, ‘హిమ్’. టెల్, ఆస్క్, అడ్వైజ్, అలౌ, రిమైండ్, ఫోర్స్ ఇదే తీరు. వద్దని చెప్పాల్సి వస్తే ‘నాట్’ని ‘టు’ ముందు పెట్టాలి: ‘షి టోల్డ్ మీ నాట్ టు వెయిట్’.

కానీ ‘హోప్’కి మధ్యలో మనిషిని పెట్టకూడదు. ‘ఐ హోప్ యు టు కమ్’ తప్పు, ‘ఐ హోప్ యు విల్ కమ్’ ఒప్పు. డిసైడ్, అగ్రీ, రెఫ్యూజ్, మేనేజ్ కూడా నేరుగా ‘టు’నే తీసుకుంటాయి, మనిషిని కాదు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్‌లకు ‘టు’ అసలు పడదు, ‘ఇంగ్’ రూపమే. ‘అలౌ’ మాత్రం రెండు వేషాలు వేస్తుంది. ఎవరిని అనేది చెబితే ‘టు’, చెప్పకపోతే ‘ఇంగ్’: ‘దే డోంట్ అలౌ అస్ టు పార్క్ హియర్’, ‘దే డోంట్ అలౌ పార్కింగ్ హియర్’. మేక్, లెట్ రెండూ ‘టు’ని మింగేస్తాయి: ‘మేడ్ మీ వెయిట్’, ‘లెట్ మీ గో’. విచిత్రంగా ‘మేక్’ పాసివ్‌లోకి (పని ఎవరి మీద జరిగిందో వాళ్లను ముందు పెట్టే రూపంలోకి) వెళ్లగానే ఆ ‘టు’ తిరిగొస్తుంది: ‘ఐ వాజ్ మేడ్ టు వెయిట్’. ‘లెట్’కి ఆ పాసివ్ వాడరు, ‘ఐ వాజ్ అలౌడ్ టు గో’ అనాలి.

‘లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని ఆఫీసు మెయిళ్లలో తెగ కనిపిస్తుంది. అక్కడి ‘టు’ ఇన్ఫినిటివ్‌ది కాదు, ప్రిపొజిషన్, అంటే ‘ఫర్’, ‘ఆన్’ లాగా నామవాచకం ముందు వచ్చే మాట. పరీక్ష సులువు: ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చదవండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదిరింది, అంటే అక్కడ ‘మీటింగ్’ అని ‘ఇంగ్’ రావాలి. ‘ఐ వాంట్ టు ఇట్’ కుదరలేదు, అంటే మామూలు వెర్బ్ చాలు. ‘ఐయామ్ యూజ్డ్ టు’, ‘అబ్జెక్ట్ టు’ ఈ పరీక్షలో ‘ఇంగ్’ వైపు వస్తాయి. ‘ఐ యూజ్డ్ టు లివ్ దేర్’ ఆ గుంపు కాదు. అది ఒకప్పటి అలవాటునో పరిస్థితినో చెప్పే మాట.

‘డిస్కస్ అబౌట్’, ‘రిక్వెస్ట్ ఫర్’, ‘ఆర్డర్ ఫర్’, ‘ఎంఫసైజ్ ఆన్’ ఎక్కడి నుంచి వచ్చి పడుతున్నాయో గమనిస్తే మళ్లీ తప్పు పడదు. ఆ ప్రిపొజిషన్లు నామవాచకం ఆస్తి: ‘ఎ డిస్కషన్ అబౌట్ శాలరీ’, ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’, ‘ఎన్ ఆర్డర్ ఫర్ టూ దోశాస్’. వెర్బ్‌గా వాడినప్పుడు అవి రాలిపోతాయి: ‘వి డిస్కస్డ్ శాలరీ’, ‘హి రిక్వెస్టెడ్ లీవ్’, ‘వి ఆర్డర్డ్ టూ దోశాస్’. ‘ఎంట్రీ ఇంటు’ ఉంది కదా అని ‘ఎంటర్ ఇంటు ది రూమ్’ అనకండి. ఒప్పందాలకు మాత్రం ‘ఎంటర్ ఇంటు యాన్ అగ్రిమెంట్’ సరైనదే, అది వేరే అర్థం. మన ఆఫీసుల్లో ‘డిస్కస్ అబౌట్’ అంటే ఎవరూ కనుబొమ్మ కూడా ఎత్తరు. ఇంగ్లిష్ పరీక్షలో తప్పులు పట్టమనే ప్రశ్న వస్తే మాత్రం మార్కు పోయేది ఇలాంటిచోటే.

సర్వనామాలు ఇరుకున పెట్టే చోటు ఇంకొకటుంది. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’, ‘టర్న్ ది ఫ్యాన్ ఆఫ్’ రెండూ సరే. ఫ్యాన్ ‘ఇట్’గా మారితే మాత్రం మధ్యలోకే రావాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ ఎట్’, ‘వెయిట్ ఫర్’ ఈ బాపతు కాదు. వాటిలో రెండో మాట నిజమైన ప్రిపొజిషన్ కాబట్టి సర్వనామం దాని తర్వాతే వస్తుంది: ‘లుక్ ఆఫ్టర్ హర్’. కొత్త జంటమాట కనిపిస్తే వస్తువు పేరును మధ్యలో పెట్టి చూడండి. ‘లుక్ ది బేబీ ఆఫ్టర్’ అని ఎవరూ అనరు, కాబట్టి ‘లుక్ హర్ ఆఫ్టర్’ కూడా ఉండదు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎలా? వెర్బ్‌ని ఒంటరిగా బట్టీ పట్టకండి, దాని వెనక వచ్చే ఖాళీలతో సహా రాసుకోండి. నిజానికి మీరిది బళ్లోనే చేశారు. సెలవు చీటీలో ‘ఐ రిక్వెస్ట్ యు టు గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్’ అని రాసేవాళ్లం. ‘రిక్వెస్ట్’ తర్వాత మనిషి, ఆపై ‘టు’. ‘గ్రాంట్’ తర్వాత మనిషి, వస్తువు. చివర ‘ఫర్’తో ఎన్నాళ్లో. గ్రామర్ తెలియకుండానే మూడు కట్టుబడులూ ఆ ఒక్క వాక్యంలో తప్పు లేకుండా పట్టుబడ్డాయి.

నేర్చుకునేవాళ్ల కోసం రాసిన డిక్షనరీ ఒకటి వాడండి. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు అర్థం చెబుతుంది గానీ ఈ ఖాళీల సంగతి సాధారణంగా చెప్పదు. నేర్చుకునేవాళ్ల డిక్షనరీకి బాట వేసింది ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లిష్ టీచర్. జపాన్‌లో విద్యార్థులకు పాఠాలు చెబుతూ తయారుచేసిన ఆయన డిక్షనరీ 1942లో అక్కడే అచ్చయింది. వెర్బ్ వెనక ఏ కట్టుబడి వస్తుందో అందులో ప్యాటర్న్‌లుగా చూపించారు. ఇప్పటి డిక్షనరీల్లో ‘ఎస్‌బీ’ అంటే మనిషి, ‘ఎస్‌టీహెచ్’ అంటే వస్తువు లేదా విషయం. ‘ఎక్స్‌ప్లెయిన్’ దగ్గర ‘ఎస్‌టీహెచ్ టు ఎస్‌బీ’ అని ఉంటుంది, ‘టెల్’ దగ్గర ‘ఎస్‌బీ ఎస్‌టీహెచ్’ అని కనిపిస్తుంది. ఆ గుర్తుల కింద ఇచ్చిన వాక్యాన్ని నోట్సులో దింపుకుని, అందులో మనిషి ఉన్నచోట ‘హిమ్’, వస్తువు ఉన్నచోట ‘ఇట్’ పెట్టి పైకి రెండుసార్లు చదవండి. ‘రాబ్’, ‘స్టీల్’ జతతో మొదలుపెట్టండి. తెలుగులో రెండూ దొంగతనమే, ఇంగ్లిష్‌లో ‘రాబ్డ్ హిమ్ ఆఫ్ ఇట్’, ‘స్టోల్ ఇట్ ఫ్రమ్ హిమ్’ అని మనిషీ వస్తువూ స్థానాలు మార్చుకుంటాయి.