గొలుసు బీరువాలోనే ఉండనీ

అబ్బయా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా. రెండుసార్లు చదువు.

మీ అమ్మకు గుండెలో బ్లాకులున్నాయేమో, యాంజియోగ్రామ్ చేయాలన్నారని చెప్పావు. కొడుకువి, టెన్షన్ పడకుండా ఎట్లా ఉంటావు. కానీ ఆ వెంటనే "మామా, అమ్మ గొలుసు కుదువ పెట్టి రెండు లక్షలు తెస్తా" అన్నావు చూడు, అక్కడ నాకు కోపమొచ్చింది. గొలుసు బీరువాలోనే ఉండనీ. ముందు బయటికి తీయాల్సింది ఆరోగ్యశ్రీ కార్డు, అదే ఇప్పటి వైద్యసేవ కార్డు.

నేను చేసిన తెలివితక్కువ పని నీకు ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు. మూడేళ్ళ కిందట మీ అత్తకు అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే, ఆటోలో వేసుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరిగెత్తా. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "క్యాషా, కార్డా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషి అట్లా అల్లాడుతుంటే కార్డేందయ్యా, ముందు డాక్టర్ని పిలువు అని జేబులో ఉన్న పదివేలు బల్ల మీద పడేశా. వాడు నిమ్మళంగా 'క్యాష్' అన్న గడిలో టిక్కు పెట్టుకున్నాడు. పొద్దున్నే కార్డు తీసుకుని పోతే, క్యాష్ పేషెంటుగా రాసేశాం, ఇప్పుడు మార్చడం కుదరదన్నారు. గట్టిగా అడిగేసరికి ఇంకో మెలిక బయటపడింది. ఆధార్లో మీ అత్తకు పుట్టింటి ఇంటిపేరు ఉంది, కార్డులో మా ఇంటిపేరు ఉంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు. లక్షా డెబ్బై వేలు కట్టి ఇంటికొచ్చాం. ఆ అప్పు మొన్న సంక్రాంతికి తీరింది.

అందుకని రేపు పొద్దున్నే మీ ఊరి సచివాలయానికి పో. మీ అమ్మ ఆధార్, బియ్యం కార్డు, వైద్యసేవ కార్డు మూడింటిలో పేరు, వయసు ఒకటిగా ఉన్నాయో లేవో చూపించు. ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఉందో కూడా అడుగు. మీ అమ్మ వేళ్ళు పొలం పనికి అరిగిపోయి రేషన్ మిషన్లోనే పడవంటావుగా, రేపు ఆసుపత్రిలోనూ అంతే. వేలిముద్రకు బదులు వచ్చే ఓటీపీ ఏదో పాత నంబరుకు పోతే మంచం పక్కన నిలబడి ఏం చేస్తావు?

కార్డంటే ఏందో తెలుసుగా. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారుస్తారు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. జనం నోట్లో మాత్రం ఆరోగ్యశ్రీగానే ఉండిపోయింది. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి వర్తిస్తుంది. వైద్యం ఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. స్టెంటు, బైపాస్ దీని కిందకే వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే క్యాష్ కౌంటరు వైపు పోవద్దు. ఈ పథకంలో ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఒక బల్ల ఉంటుంది, దాని వెనక వైద్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు. మనోళ్ళు ఇంకా ఆరోగ్యమిత్ర అనే పిలుస్తారు. చాలాచోట్ల ఆ బల్ల మెట్ల కిందో, ఏదో మూలనో ఉంటుంది. వెతుక్కో. ఒక్క రూపాయి కట్టకముందే, ఒక్క సంతకం పెట్టకముందే, మీ అమ్మను కార్డు కింద చేర్చమని చెప్పు. యాంజియోగ్రామ్ కార్డులో వస్తుందా, దానికి వేరే కట్టాలా, స్టెంటు అవసరమైతే ఎట్లా, అన్నీ అక్కడే అడిగి తెలుసుకో. ఈసీజీ, ఎకో, డాక్టర్ చీటీలు జిరాక్సులు ఇవ్వు. ఒరిజినల్స్ నీ సంచిలోంచి కదలకూడదు.

వాళ్ళు ఆ కాగితాలన్నీ ఆన్‌లైన్లో ఎక్కిస్తారు. ఈ పథకం నడిపే ట్రస్టు తరఫు డాక్టర్లు చూసి అనుమతి ఇవ్వాలి. మంచం మీద మీ అమ్మ ఫొటో తీస్తారు, దానికి పోట్లాడొద్దు. అనుమతి వచ్చాక మందులు, పరీక్షలు, భోజనం, తిరుగు బస్సు ఛార్జీ, ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు అన్నీ ఆ ప్యాకేజీలో భాగమే. చాలామంది బస్సు ఛార్జీ అడగడానికి మొహమాటపడతారు. నువ్వు అడుగు.

"ఇంకా మంచి స్టెంటు వేస్తాం, తేడా మీరు కట్టండి" అని ఎవరైనా మెల్లగా అంటే తల ఊపొద్దు. 2017 ఫిబ్రవరి నుంచే స్టెంట్ల రేటుకు కేంద్రం సీలింగ్ పెట్టింది. ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడుగు, రాయరు. అప్పటికీ డబ్బు అడిగితే అక్కడే నిలబడి 104 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి.

ఈలోపు ఇంట్లోనే నొప్పి వచ్చిందనుకో, ఈ లెక్కలేమీ వద్దు. కార్డు కోసం బీరువా వెతుక్కుంటూ కూర్చోవద్దు, 108కి కొట్టు. అత్యవసరమైతే ఫోన్ మీదే ముందస్తు అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. అయినా కౌంటర్లో "కార్డు" అన్న ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు.

మద్రాసు తీసుకుపోదామా అన్నావు. మన నెల్లూరు వైపు వాళ్ళకు జబ్బనగానే మద్రాసు రైలు గుర్తొస్తుంది. అక్కడ కొన్ని ఆసుపత్రుల్లో, కొన్ని చికిత్సలకే మన కార్డు చెల్లుతుంది. 104లో అడగకుండా రైలెక్కొద్దు. ఇంకోటి, నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే ఈ పథకంలో ఉన్నవి, ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని ఒక్కోసారి సేవలు ఆపేస్తాయి. 2025 అక్టోబరులో అట్లాగే అయింది. అందుకే బయల్దేరే ముందు రోజు, కార్డు కేసులు తీసుకుంటున్నారా అని ఆ ఆసుపత్రికే ఫోన్ చేసి కనుక్కో. తీసుకోకపోతే ఒంగోలు రిమ్స్, ఇక్కడ దర్గామిట్టలో పెద్దాసుపత్రి ఉన్నాయి. క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి. ముఖ్యమంత్రి సహాయ నిధి కూడా ఉందిగానీ, దాన్ని నమ్ముకుని అప్పు చేయొద్దు. బిల్లంతా రాదు.

నీ సంగతికొస్తే, చీమకుర్తిలో నీ జీతం చీటీ ఎప్పుడైనా చూసుకున్నావా? ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా అని 0.75 శాతం కోస్తుంటే, నీ మీద ఆధారపడిన అమ్మకు అందులోనూ వైద్యం ఉంది. 21 వేల లోపు జీతగాళ్ళకు అది. మీ ఆఫీసులో అడుగు, సిగ్గేమీ లేదు. మెడిక్లెయిమ్ పాలసీ కూడా తీసుకుంటానన్నావు, తీసుకో. కానీ ఏజెంటు "బీపీ సంగతి రాయకండి సార్" అంటే వినొద్దు. ఉన్న జబ్బు రాసినా దాని క్లెయిమ్‌ను మూడేళ్ళకు మించి ఆపకూడదని 2024లో రూలు తెచ్చారు. దాచిపెట్టావో, రేపు క్లెయిమ్ కొట్టేయడానికి వాళ్ళకు అదే సాకు.

స్టెంటు పడితే మందులు ఏళ్ళ తరబడి వాడాలి. అసలు ఖర్చు అక్కడుంది. మీ అత్తకు రక్తం పలచబడే బిళ్ళ, కొవ్వు బిళ్ళ డాక్టర్ని అడిగి జన ఔషధి దుకాణంలో కొంటున్నా, సగానికి సగం తేలింది. బీపీ, షుగర్ బిళ్ళలు పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. స్టెంటు బిళ్ళలు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపనివ్వొద్దు.

అమ్మమ్మకు 70 దాటాయిగా, పెద్దవాళ్ళ వైద్యం కోసం కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన వయ వందన కార్డు ఆధార్‌తోనే చేయించా. ఆదాయం అడగలేదు. ఆమె మాత్రం "నాకేం రోగం రా" అని నన్నే తిట్టింది.

సచివాలయంలో పని అయ్యాక ఫోన్ చెయ్యి. సోమవారం తెల్లవారుజాము బస్సుకు రండి, నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో నేనుంటా. పరగడుపునే రావాలేమో డాక్టర్ని అడిగి, కాదంటే మీ అమ్మకు రెండిడ్లీలు పెట్టి తీసుకురా. గొలుసు మెళ్ళో వేసుకుని వస్తానంటే ఒప్పుకోకు, స్కానింగు దగ్గర ఎట్లాగూ తీయమంటారు.

మీ మామయ్య